యుద్ధం గెలిపించిన వాళ్లలో గూడూరు అవ్వలున్నారు! వాళ్ల పేరు ఎక్కడ?

నమస్తే అన్నా, నమస్తే అక్కా. నేరుగా విషయంలోకి వస్తున్నా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాడి విమానం పైకి లేచిందంటే, అందులో రేడియో పలికిందంటే, దాని వెనక మన నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం, రాపూరు షెడ్లలో మైకా రాయి చీల్చిన ఆడవాళ్ల చేతులున్నాయి. ఆ యుద్ధాన్ని గెలిపించిన వాళ్లలో మన అవ్వలు, అమ్మమ్మలు ఉన్నారు. గొప్ప కోసం అంటున్న మాట కాదిది. ఈ వీడియో అయ్యేలోపు మీరే ఒప్పుకుంటారు.

పోయిన వీడియో కింద కామెంట్లు చూశారు కదా. "బాంబులు పడింది విశాఖ మీద, కాకినాడ మీద. మన నెల్లూరుకి యుద్ధంతో ఏం సంబంధం?" అని వరసగా పెట్టారు. 1942 ఏప్రిల్ 6న ఆ రెండు ఊళ్ల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన మాట నిజం. ఏప్రిల్ వస్తే ప్రతి ఛానలూ అదే చెబుతుంది, చెప్పాలి కూడా. కానీ బాంబు పడితేనే యుద్ధమా? పొయ్యి మీద గిన్నెలోకి, దీపంలో నూనెలోకి, ఆడమనిషి చేతివేళ్లలోకి వచ్చింది యుద్ధం కాదా? నాకు కడుపు మండేది అక్కడే.

సైదాపురం పేరు ఎత్తితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే, తెల్లరాయి తవ్వకాల గొడవ. క్వార్ట్జ్ లారీలు, కేసులు, టీవీల్లో అరుపులు. దాని సంగతి మీకు తెలుసు, మళ్లీ చెప్పను. ఆ తెల్లరాయికి ముందు ఆ నేల బతికింది మైకా మీద. మనవాళ్లు కాకిబంగారం అంటారే, అదే. ఇప్పటికీ ఆ దారిలో పోతే రోడ్డు పక్క మట్టి ఎండకు మిలమిలా మెరుస్తుంది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి, ఈ నాలుగు తాలూకాల్లో గనులు నడిచాయి.

ఇంతకీ మైకాకు యుద్ధానికి ఏం లంకె? మైకా కరెంటును తన గుండా పోనివ్వదు, వేడికి కాలిపోదు. పాత ఇస్త్రీ పెట్టె విప్పి చూడండి, లోపల తీగ చుట్టిన పలక మైకానే. ఆ రోజుల్లో రేడియో సెట్లో కరెంటును కాసేపు నిలవపెట్టే కండెన్సరుకు మైకా కావాలి. రేడియోలో బుడ్డిలా ఉండే గాజు వాల్వు లోపల భాగాలు కదలకుండా పట్టుకునే బిళ్లకు మైకా కావాలి. విమానం ఇంజన్ స్పార్క్ ప్లగ్గుకు మైకా కావాలి. దాని బదులు వాడదామంటే అంత పనికొచ్చే వస్తువు అప్పట్లో లేదు. పలకల మైకా ప్రపంచానికి ఎక్కువ భాగం పోయేది ఇండియా నుంచే. అందుకే 1942లో బ్రిటన్, అమెరికా కలిసి జాయింట్ మైకా మిషన్ అని ఒకటి పెట్టుకుని ఇక్కడి మైకా కొనుగోలును తమ చేతుల్లోకి తీసుకున్నాయి. లండన్‌లో, వాషింగ్టన్‌లో పెద్ద పెద్ద అధికారులు కూర్చుని మన నేల కింద రాయి గురించి మాట్లాడుకున్నారు. మన పిల్లకాయలకు ఆ సంగతి ఏ పాఠంలో చెప్పాం?

"బీహార్‌లో కోడర్మా మైకా ఇంకా ఎక్కువ పోయింది" అని ఒకాయన రాస్తాడు, నాకు తెలుసు. పోయింది. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది ఆ ఊరు. వాళ్లది కెంపు రంగు మైకా, మనది ఆకుపచ్చ మైకా. వాళ్లు ఎక్కువ ఇచ్చారని మనం ఇచ్చింది ఇవ్వనట్టు అవుతుందా?

ఇప్పుడు పని ఎలా జరిగేదో వినండి. గనిలోంచి దిమ్మలు పైకి వస్తాయి. ఆ దిమ్మను కత్తితో చీల్చాలి. ఉల్లిపొర తీసినట్టు పొర మీద పొర తీస్తూ పోవాలి. అంచులు కత్తెరతో సరిచేయాలి. మచ్చ ఉన్నది ఒక పక్క, పగులు ఉన్నది ఒక పక్క, తేటగా ఉన్నది ఒక పక్క ఏరాలి. స్ప్లిట్టింగ్స్ అని చెప్పే పలచటి రేకు మందం ఎంతో తెలుసా? అంగుళంలో వెయ్యో వంతు దగ్గర దగ్గర. ఆ పని యంత్రంతో అయ్యేది కాదు. చెయ్యి తీయాలి, కన్ను చూడాలి. ఆ చెయ్యి, ఆ కన్ను ఎవరివి? షెడ్లలో నేల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లవి. అణాల కూలికి! పైలట్‌కు పతకం వచ్చింది, జనరల్‌కు విగ్రహం వచ్చింది. ఆ రేకు తీసిన మనిషి ఏ ఊరిదో కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

నాకు ఒక నమ్మకం ఉంది, ఎవరు ఏమన్నా మార్చుకోను. గూడూరు చుట్టుపక్కల ఆడవాళ్లు డబ్బు లెక్క దగ్గర గట్టిగా నిలబడి మాట్లాడతారు. సంతలో చూడండి, బ్యాంకులో చూడండి. ఆ రోజుల్లో పొలం పని అంటే గింజల కూలి, అది ఇంటి గాదెలోకి పోయేది. మైకా షెడ్డులో కూలి డబ్బు నేరుగా ఆడమనిషి చేతికి వచ్చింది. ఆ గట్టితనం పుట్టింది అక్కడే అంటాను. కాదనే వాళ్లు కామెంట్లో రాయండి, చదువుతా.

సరే, చేతికి డబ్బు వచ్చింది. కొనడానికి సరుకేది? 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. దాంతో బర్మా బియ్యం ఆగిపోయింది, బర్మా కిరసనాయిలు ఆగిపోయింది. మద్రాసు పేదవాళ్లు తినే బియ్యంలో ఆ చవక బియ్యమూ ఉండేది. అది పోయేసరికి అందరి కళ్లూ పెన్నా కింద పండే మన బియ్యం మీద పడ్డాయి. మొలగొలుకులు రకం వడ్లు పండించిన రైతు ఎంత అమ్మాలో, ఏ ధరకు అమ్మాలో సర్కారు చెప్పడం మొదలైంది. మెట్ట వైపు కనిగిరి, పొదిలి, దర్శి వాళ్లకు జొన్న, సజ్జ, కొర్ర ఉన్నాయి, ఏదో నెట్టుకొచ్చారు. కిరసనాయిలు మాత్రం ఎక్కడా సరిగ్గా దొరకలేదు, మళ్లీ ఆముదం దీపాలు బయటికి తీశారు. గుడ్డకు కంట్రోలు, చక్కెరకు కంట్రోలు. 1945లో యుద్ధం అయిపోయినా బియ్యం కంట్రోలు పోలేదన్నా! 1952లో అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ ఎత్తేసేదాకా, అప్పుడు మనం ఉన్న మద్రాసు రాష్ట్రంలో నడిచింది. ఇప్పటికీ మన ఇళ్లలో రేషన్ బియ్యాన్ని కంట్రోలు బియ్యమే అంటాం కదా. ఆ రోజుల బాధ అంత లోతుకు దిగింది.

బస్సుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పెట్రోలు సైన్యానికి పోయింది. మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక పెద్ద డ్రమ్ము, అందులో కట్టెబొగ్గు. పొద్దున్నే క్లీనరు పిల్లవాడు చక్రం తిప్పి తిప్పి నిప్పు రాజేయాలి. ఆ గ్యాసుతో ఇంజన్ నడవాలి. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాలి. కందుకూరు నుంచి ఒంగోలు పోవాలన్నా, ఆత్మకూరు నుంచి నెల్లూరు రావాలన్నా అదే గతి.

గడియారాన్ని కూడా వదల్లేదు. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా దేశమంతా గంట ముందుకు జరిపారు. అంటే ఎండ చూసి పొద్దు చెప్పే రైతుకు ఒక టైము, రైలుకు, సర్కారు ఆఫీసుకు ఇంకో టైము. చిల్లర నాణేలకు కరువొచ్చింది. రాగి మిగుల్చుకోవడానికి 1943లో మధ్యలో బొక్క ఉన్న కాణీలు పోశారు. మీ అవ్వ ట్రంకు పెట్టెలో ఉంటాయి, వెతకండి. పిల్లల మొలతాడుకు కట్టింది అవే.

1942 ఏప్రిల్‌లో మద్రాసు సగానికి పైగా ఖాళీ అయినట్టే అయింది. జపాన్ వాడు దిగుతాడని భయం. చెన్నపట్నంలో కొలువు, వ్యాపారం ఉన్న మనవాళ్లు పెళ్లాం పిల్లలతో రైలెక్కి సొంత ఊళ్లకు వచ్చారు. బియ్యం దొరకని రోజుల్లో ఒక్కో ఇంట్లో అదనంగా ఎన్ని కంచాలు! ఆ కష్టం మోసింది కూడా ఆడవాళ్లే.

ప్రకాశం వాళ్లు అలగొద్దు, మీ దొనకొండ ఉంది. ఆ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు విమానాల కోసం అక్కడ వేసిన రన్‌వే ఇంకా నేల మీద ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా "దొనకొండ ఎయిర్‌పోర్టు" అంటారు, తర్వాత మరిచిపోతారు. ఎయిర్‌పోర్టు కట్టండి, సంతోషమే. దాని మీద ఒక బోర్డు పెట్టి, ఇది ఎప్పుడు, దేనికోసం వేశారో కూడా తెలుగులో రాయండి.

మళ్లీ మైకా దగ్గరికి వస్తా, ఎందుకంటే నా గొంతులో అడ్డం పడింది అదే. యుద్ధం అయ్యాక, 1946లో మైకా గని కార్మికుల సంక్షేమానికి ఒక చట్టం వచ్చింది. మైకా ఎగుమతి మీద సుంకం వేసి, ఆ డబ్బు కార్మికుల వైద్యానికి, చదువుకు ఖర్చు పెట్టాలని దాని ఉద్దేశం. మన గనుల వైపు కలిచేడులో ఆసుపత్రి వచ్చింది ఆ నిధి నుంచే. ఆ తర్వాత వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది, మైకా గిరాకీ పడిపోయింది, గనులు మూతపడుతూ పోయాయి. రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మాత్రం ఆ మనుషులకే మిగిలాయి.

నేను అడిగేది పెద్దదేం కాదు. గూడూరు జంక్షన్‌లో రోజూ ఎన్ని వేల మంది దిగుతారు? అక్కడ ఒక గోడ ఇవ్వండి. మైకా చీల్చే ఆడవాళ్ల ఫొటోలు, ఆ కత్తెరలు, ఆ రేకులు అద్దాల పెట్టెలో పెట్టండి. కింద వాళ్ల ఊళ్ల పేర్లు రాయండి. సైదాపురం, కలిచేడు, రాపూరు వైపు వాళ్లూ, మీ ఇంట్లో మైకా షెడ్డులో పనిచేసిన పెద్దమ్మ ఎవరైనా ఉంటే, కూలి చీటీ గానీ కత్తెర గానీ పాత ఫొటో గానీ ఉంటే, ఫోన్లో తీసి ఛానల్ మెయిల్‌కు పంపండి. ఆమె మాట్లాడగలిగితే ఇంకా మంచిది, కెమెరా తీసుకుని నేనే మీ ఊరొస్తా. వచ్చే ఆదివారం లైవ్‌లో ముందు మీ వీడియోలే వేస్తాను.