ఫ్యాక్స్ మిషన్ సూపర్, దాని నెట్‌వర్క్ మెనూ మాత్రం నరకం! ఐపీ, డీఎన్ఎస్, ఎస్ఎంటీపీ సెట్టింగ్స్

అందరికీ నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ మిషన్ డీలర్ ఫ్రీగా పంపించారు, వాడి చూసి వెనక్కి ఇచ్చేయాలి. డబ్బులైతే ఏమీ ఇవ్వలేదు కాబట్టి తిట్టాలనిపిస్తే తిడతా. మోడల్, రేటు, నిమిషానికి ఎన్ని పేజీలు, అవన్నీ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, మీరు ఈపాటికే ఎక్కడో చూసే ఉంటారు. ప్రింట్ నీట్‌గా వస్తుంది, స్కాన్ బాగుంది. దాని గురించి ఇంతే.

దీన్ని బాలానగర్‌లో మా బాబాయ్ వాళ్ళ ఆఫీసులో పెట్టాం. ఈ రోజుల్లో ఫ్యాక్స్ ఎవడు వాడతాడు బ్రో అని కామెంట్ పెట్టకండి, వాళ్ళకి జపాన్‌లో ఒక పాత కస్టమర్ ఉన్నారు, ఆర్డర్ ఫ్యాక్స్‌లోనే పంపుతారు, అక్కడి ఆఫీసుల్లో ఫ్యాక్స్ ఇంకా నడుస్తూనే ఉంది. ఇదివరకు వీళ్ళ దగ్గర థర్మల్ రోల్ మిషన్ ఉండేది, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోయేవి, అందుకే ఫ్యాక్స్ రాగానే జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టేవాళ్ళు. కానీ దానికి సెట్టింగులు అంటూ ఏమున్నాయి, ఫోన్ వైరు గుచ్చితే పనైపోయేది.

ఈ కొత్త మిషన్ స్కాన్ చేసిన కాగితాన్ని మెయిల్ కూడా పంపుతుంది, అందుకే దీనికి నెట్ కోసం లాన్ కేబుల్ గుచ్చగానే ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్, ఎస్ఎంటీపీ, పాప్3 అని వరసపెట్టి అడుగుతుంది. మాన్యువల్ వెనకాల ఈ పదాలకి అర్థాలు ఇచ్చారు. ఎస్ఎంటీపీ సర్వర్ అంటే ఏంటి అని చూస్తే, ఎస్ఎంటీపీ వాడే సర్వర్ అంట! ఏం చేసుకోవాలండీ దాన్ని?

సరే నేను చెప్తా. ఐపీ అంటే మీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఈ మిషన్ నంబరు, 192.168.1.20 లాంటిది. డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంటే రౌటరే ఆ నంబరు ఇచ్చేస్తుంది, కానీ కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి వేరే నంబరు ఇస్తుంది, ఇంక ప్రింటర్ దొరకట్లేదు సార్ అని ఆఫీసంతా గోల. అందుకని రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఈ మిషన్ మ్యాక్ అడ్రస్‌కి (ఫ్యాక్టరీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ఒకే ఐపీ రిజర్వ్ చేసి పెట్టేయండి. 169.254తో మొదలయ్యే నంబరు కనపడితే మాత్రం రౌటర్ అసలు నంబరే ఇవ్వలేదన్నమాట, ముందు కేబుల్ చూడండి. సబ్‌నెట్ మాస్క్ అంటే ఏ ఐపీలు మీ ఆఫీసు నెట్‌వర్క్‌వో చెప్పేది, చిన్న ఆఫీసుల్లో దాదాపు ఎప్పుడూ 255.255.255.0, గేట్‌వే అంటే మీ రౌటర్ ఐపీ.

నాకు మండింది డీఎన్ఎస్ దగ్గర. ఐపీ చేత్తో ఇస్తే డీఎన్ఎస్ 0.0.0.0 గానే ఉండిపోతుంది, మిషన్ ఆ ముక్క చెప్పదు, మెయిల్ పంపితే ఏదో ఎర్రర్ కోడ్ చూపించి ఊరుకుంటుంది. మెయిల్ సర్వర్ పేరు చూసి దాని ఐపీ ఏంటో చెప్పేదే డీఎన్ఎస్, అది లేకపోతే మిగతావన్నీ కరెక్టుగా ఉన్నా మెయిల్ కదలదు. గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ 8.8.8.8 కొట్టాం, వెళ్ళిపోయింది.

ఎస్ఎంటీపీ మెయిల్ పంపడానికి, పాప్3 వచ్చిన మెయిల్ తెచ్చుకోవడానికి. స్కాన్ చేసి మెయిల్ పంపాలంటే మామూలుగా మొదటిది చాలు. మిషన్‌లో పోర్ట్, అంటే మెయిల్ వెళ్ళే దారి నంబరు, 25 అని ఉంటుంది, చాలా నెట్ కంపెనీలు దాన్ని బ్లాక్ చేస్తాయి, 587 పెట్టి టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళం లాంటిది) ఆన్ చేయండి. జీమెయిల్ అయితే మీ మామూలు పాస్‌వర్డ్ 2022 మే 30 నుంచి ఇలాంటి మిషన్లలో పనిచేయదు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని ఇలాంటి మిషన్ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఆ 16 అక్షరాలూ ఈ నంబర్ల కీప్యాడ్ మీద కొట్టాలండి! పాత నోకియా ఫోన్లో మెసేజ్ కొట్టినట్టు, ఎస్ కావాలంటే 7 నాలుగుసార్లు, ఒకే కీ మీద రెండక్షరాలు వరసగా వస్తే కర్సర్ జరిగేదాకా ఆగాలి, కొట్టింది కొట్టినట్టే చుక్కైపోతుంది, ఏం కొట్టామో తెలీదు, ఈలోపు జపాన్ నుంచి ఫ్యాక్స్ వస్తే స్క్రీన్ మారిపోయి మొత్తం మళ్ళీ మొదట్నుంచి. ఎట్ ద రేట్ గుర్తు ఎక్కడుందో వెతకడానికే ఒక టీ అయిపోయింది.

దీనికి మందు ఉంది, అదే నా కోపం. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి పైన మిషన్ ఐపీ కొడితే ఈ సెట్టింగులన్నీ పేజీలో వచ్చేస్తాయి, పాస్‌వర్డ్ కాపీ పేస్ట్ చేసుకోవచ్చు. ఇంత మంచి సంగతి మాన్యువల్‌లో ఎక్కడో మూలన ఒక్క లైనుగా పడేశారు! ఆ పేజీ అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం వెంటనే మార్చేయండి.

ఇంకోటి, డబ్బా మీద ఇంటర్నెట్ ఫ్యాక్స్ అని పెద్దగా ఉంది కదా, అది చూసి ల్యాండ్‌లైన్ తీసేయకండి. ఈ మిషన్‌లో ఉన్నది టీ.37, అంటే పేజీని టిఫ్ అనే బొమ్మ ఫైలు చేసి మెయిల్ అడ్రస్‌కి పంపుతుంది, మామూలు ఫ్యాక్స్ నంబరుకి నేరుగా పోదు. మా జపాన్ కస్టమర్‌కి ఫోన్ లైనే దిక్కు. మీది ఫైబర్ మీద వచ్చే ల్యాండ్‌లైన్ అయ్యి పేజీలు మధ్యలో ఆగిపోతుంటే ఫ్యాక్స్ స్పీడు సెకనుకి 33,600 బిట్ల నుంచి 9,600కి దించి చూడండి, మాకు అప్పుడే సాఫీగా వెళ్ళాయి.

బాబాయ్‌కి నచ్చేసింది, కొనేద్దాం రా అంటున్నారు. నేనైతే ఇంకొంచెం డబ్బులు పెట్టి టచ్‌స్క్రీన్ ఉన్నది తీసుకోమన్నా. మీరు షాపుకెళ్ళి ఈ మోడలే చూస్తుంటే సేల్స్‌మన్‌ని మీ మెయిల్ అడ్రస్ ఒకటి ఆ కీప్యాడ్ మీద కొట్టి చూపించమనండి.