గోడలో పైపుల మోత: వాటర్ హ్యామర్ అరెస్టర్ మూడు నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ రికార్డింగ్ వినండి... ధబ్! వాషింగ్ మెషిన్ నీళ్లు పట్టుకోవడం ఆపగానే మా గోడలోంచి వచ్చిన మోత ఇది. రాత్రిపూట బట్టలు వేస్తే పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. దీనికోసం వాటర్ హ్యామర్ అరెస్టర్, అంటే పైపులో నీటి దెబ్బను తట్టుకునే చిన్న పరికరం, కొని మూడు నెలలుగా వాడుతున్నాను. పనిచేసిందా అంటే, చేసింది. కానీ అన్ని మోతలకూ ఇది మందు కాదు.

మెషిన్ లోపలి వాల్వు రెప్పపాటులో మూసుకుంటుంది. పరుగు మీదున్న నీళ్లు వెళ్లి దానికి గుద్దుకుంటాయి. సెకనుకు మీటరు వేగంతో వచ్చే నీటిని ఠక్కున ఆపితే, రాగి పైపులో ఆ క్షణానికి ఒత్తిడి 10 బార్లకు పైగా ఎగబాకగలదు. ప్లాస్టిక్ పైపు కొంచెం సాగుతుంది కాబట్టి అందులో తక్కువ. ఏళ్ల తరబడి ఈ దెబ్బలు తగిలితే జాయింట్లు వదులై కారతాయి. నా భయమంతా అదే.

ఇదిగో, అరెస్టర్‌ని దగ్గరగా చూపిస్తున్నా. లోపల ఒక పిస్టన్, దాని చుట్టూ రబ్బరు రింగులు, వెనకాల బంధించిన గాలి. స్క్రూడ్రైవర్ వెనక భాగంతో గట్టిగా నొక్కితే... చూడండి, కాస్త లోపలికెళ్లి, వదలగానే మళ్లీ పైకొచ్చేసింది. నీటి దెబ్బ ఈ గాలి మీద పడుతుంది, పైపు మీద పడదు. నొక్కినా తిరిగి రాకపోతే గాలి పోయినట్టే, మార్చేయాలి. అందుకే దీన్ని గోడలో పూడ్చేయకండి, చేతికి అందేలా పెట్టించండి.

బిగించడం తేలికే. మెయిన్ వాల్వు కట్టేసి, మెషిన్ గొట్టం విప్పి, కుళాయికీ గొట్టానికీ మధ్య దీన్ని పెట్టాలి. మెషిన్‌కి దూరంగా పెడితే పెద్దగా లాభం ఉండదు.

ఒక్క మాట, కొనేముందు పైపు మీద చెయ్యి వేసి పట్టుకోండి, ఇంకొకరిని కుళాయి ఠక్కున కట్టమనండి. పైపు చేతిలో ఎగిరితే, దాన్ని గోడకు పట్టి ఉంచే క్లాంపు ఊడినట్టు. మా ఇంట్లో ఒక క్లాంపు స్క్రూ వదులైంది. అది బిగించగానే సగం మోత పోయింది, పైసా ఖర్చు లేకుండా!

కుళాయి తిప్పుతుంటే కీచుమంటోందా? వాషర్ అరిగింది. ట్యాంకు నిండే చివర్లో బూ... అని మూలుగుతోందా? ఫ్లోట్ వాల్వు చూడండి. వేడినీళ్ల పైపు టిక్కుటిక్కుమంటే అది వేడికి సాగి గోడకు రాసుకుంటోంది. అన్ని కుళాయిలూ కట్టేసినా సన్నగా బుస్సుమంటుంటే మాత్రం ఆలస్యం చేయకండి, ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. వీటిలో దేనికీ అరెస్టర్ పనికిరాదు.

ఇప్పుడు మెషిన్ నీళ్లు పట్టడం ఆపబోతోంది, మైకు గోడకు ఆనించాను. వినండి... ఆ చిన్న 'టిక్' మెషిన్ వాల్వుది. గోడ పలకలేదు.