ఆదివారం సరే, సోమవారం మాటేమిటి?

శ్రోతలందరికీ నమస్కారం.

డాన్ బాస్కో పేరు మనకు తెలిసిందే. పేద పిల్లలకు పనులు నేర్పే ఆ పేరుగల సంస్థలు మన దగ్గరా ఉన్నాయి. ఆయన ఇంకా పసివాడిగా ఉన్న రోజుల్లోనే, ఇటలీలోని బ్రేషా నగరంలో అదే పని మొదలుపెట్టిన ఒక కతోలిక గురువు, అంటే ఫాదర్, గురించి ఈ రోజు చెబుతాను. పేరు లొదొవీకో పవోనీ.

1784లో కులీన కుటుంబంలో పుట్టారు. నెపోలియన్ కాలపు అల్లకల్లోలంలో ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయాలు మూతపడితే, డొమినికన్ అనే క్రైస్తవ సభకు చెందిన ఒక సన్యాసి దగ్గర క్రైస్తవ వేదాంతం చదువుకుని 1807లో గురువయ్యారు. తర్వాత బ్రేషా బిషప్ నావా ఆయనను కార్యదర్శిగా పెట్టుకున్నారు. పెద్ద పదవులకు దారి తీసే కొలువది. ఆయన మనసు మాత్రం వీధి పిల్లల మీదే ఉంది.

సెలవు రోజుల్లో వాళ్లను చేరదీసి ఆటలాడించేవారు, ప్రార్థన నేర్పేవారు. పిల్లలు బాగుపడుతున్నట్టే కనిపించేవారు. కానీ పొట్టకూటి కోసం ఏదో ఒక కార్ఖానాలో చేరగానే, అక్కడి సావాసాలతో మళ్లీ చెయ్యి జారిపోయేవారు. ఆదివారం ఒక్కటీ చాలదని ఆయనకు అర్థమైంది. వాళ్లు పనిచేసే చోటు కూడా మనదే కావాలి అనుకున్నారు. 1821లో సాన్ బర్నబా ఆలయం దగ్గర అనాథ బాలుర కోసం వృత్తి విద్యాలయం తెరిచారు.

వడ్రంగం, తాళాల పని, వెండి పని, చెప్పులు కుట్టడం, పుస్తకాల బైండింగ్ అన్నీ నేర్పేవారు. వీటన్నిటిలో నాకు గొప్పగా తోచేది అచ్చుపని. సీసపు అక్షరాలు పేర్చే కుర్రాడికి చదువు రాక తప్పదు కదా! కూడూ, చదువూ ఒకే బల్ల దగ్గర దొరికాయి. ఒళ్లు వంచి పనిచేయడం నామోషీ అనుకునే వర్గంలో పుట్టిన మనిషి ఈ పనులను ఇంత గౌరవంగా చూడడం చిన్న విషయం కాదు. 1823 నుంచి చెవిటి, మూగ పిల్లలనూ చేర్చుకున్నారు. అప్పట్లో వాళ్లకు పని నేర్పవచ్చని ఎంతమంది అనుకుని ఉంటారు?

1849 మార్చిలో బ్రేషా ప్రజలు ఆస్ట్రియా పాలనపై తిరగబడ్డారు. ఊళ్లో కాల్పులు మొదలవగానే, ఆరోగ్యం బాగా లేకున్నా, పవోనీ పిల్లలను వెంటబెట్టుకుని సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని సయానో కొండకు చేర్చారు. పిల్లలు క్షేమంగా ఉన్నారు. ఆయన మాత్రం మళ్లీ కోలుకోలేదు. ఏప్రిల్ 1న, ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, అక్కడే కన్నుమూశారు. తిరుగుబాటును అణచివేసిందీ ఆ రోజే.

2016 అక్టోబరు 16న పోప్ ఫ్రాన్సిస్ ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆ కుర్రాళ్ల ముద్రణాలయం అంకోరా అనే పేరుతో మిలాన్‌లో ఇప్పటికీ పుస్తకాలు ప్రచురిస్తోంది.