పెళ్లి పట్టుతో తిరిగిన మోటారు

(తెర మీద: నల్లగా మాడిన బోరు మోటారు వైండింగ్, బాగా దగ్గరగా)

ఎండాకాలం వచ్చిందంటే పల్లెల్లో రోజూ వినే మాట, మోటారు కాలిపోయింది. మరి కాలిందేంటి? ఇనుము కాలలేదు, రాగి కాలలేదు. రాగి తీగ మీద ఉన్న పూత కాలింది. బ్లేడుతో గీకితే ఊడొచ్చే ఆ పలచటి పూత పోయిందంటే ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య అడ్డు లేదు, కరెంటు చుట్లన్నీ తిరిగి రావడం మానేసి అడ్డదారి పడుతుంది, ఇక ఆ మోటారును వైండింగ్ షాపుకి మోసుకెళ్లాల్సిందే.

అలాంటి పూత తీగ అంగట్లో దొరకని రోజుల్లో చేసిన మోటారు ఒకటుంది. దాన్నే ఇవాళ మనం చేయబోతున్నాం.

(తెర మీద: 1837 నాటి పేటెంట్ బొమ్మ)

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, బ్రాండన్ ఊరి దగ్గర థామస్ డావెన్‌పోర్ట్ అని ఒక కమ్మరి. పెద్ద చదువేం లేదు. 1833లో, చాంప్లేన్ సరస్సు అవతల న్యూయార్క్ రాష్ట్రంలోని క్రౌన్ పాయింట్‌లో ఇనుప ఖనిజం వేరుచేసే పనికి విద్యుదయస్కాంతం, అంటే ఇనుముకి తీగ చుట్టి కరెంటు పంపితే అయస్కాంతమయ్యేది, వాడుతున్నారని విని చూడ్డానికి వెళ్లాడు. చూశాక ఇక ఆగలేకపోయాడు. తోడబుట్టినవాడి గుర్రాన్ని తక్కువ ధర గుర్రానికి మార్చి, దాని మీద వచ్చిన డబ్బు కూడా పెట్టి, ఒక అయస్కాంతం కొనుక్కుని ఇంటికి తెచ్చాడు. తెచ్చాక ఏం చేశాడనుకున్నారు? దాన్ని విప్పేశాడు! ఆయన ఒక్కో చుట్టూ విప్పుతుంటే భార్య ఎమిలీ పక్కన కూర్చుని ఏ తీగ ఎటు తిరిగిందో అంతా రాసుకుంది. తర్వాత సొంతంగా చుట్టుకోవడానికి తీగకు తొడుగు కావాలి కదా, దానికి ఆమె తన పెళ్లినాటి పట్టు గౌనునే పీలికలుగా కోసి ఇచ్చింది.

1834లో మోటారు తిరిగింది. పేటెంట్ ఆఫీసుకు పంపిన నమూనా 1836 డిసెంబరులో అక్కడి అగ్నిప్రమాదంలో బూడిదైపోతే మళ్లీ చేసి పంపాడు. 1837 ఫిబ్రవరి 25న పేటెంట్ వచ్చింది, నంబరు 132. దాని మీద పేరు థామస్‌ది ఒక్కడిదే. ఎమిలీ పేరు కూడా ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఆ పట్టు లేకపోతే అది ఇనుప ముక్కకి చుట్టిన ఉత్త రాగి తీగ, అంతకుమించి ఏమీ కాదు. అందుకే నా మోటారు చెక్క పీట మీద రెండు పేర్లూ రాశాను.

(తెర మీద: పీట, విడి భాగాలు)

సరే, పనిలోకి దిగుదాం. రెండు ఇనుప పట్టీలు, ఒక్కోటి 12 సెంటీమీటర్లు, ప్లస్ గుర్తులా ఒకదాని మీద ఒకటి బిగించి మధ్యలో బెజ్జం వేసి నిలువుగా ఇరుసు దిగ్గొట్టాలి. ఇరుసు అడుగు కొనను మొనగా సానబట్టి ఇత్తడి రేకులో కొట్టిన చిన్న గుంటలో నిలబెడితే చాలు, బేరింగు అక్కర్లేదు. పట్టీలను ముందు ఎర్రగా కాల్చి బూడిదలో కప్పి రాత్రంతా మెల్లగా చల్లారనివ్వండి. అప్పుడు ఇనుము మెత్తబడుతుంది, కరెంటు మారిన ప్రతిసారీ అయస్కాంతత్వం కూడా తేలిగ్గా మారుతుంది. కమ్మరివాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తీగ. నాలుగు రెక్కల్లో ఎదురెదురుగా ఉన్న రెండింటికి పూత ఉన్న మామూలు ఎనామిల్ తీగ, 24 గేజ్, ఒక్కో రెక్కకి 150 చుట్లు. మిగతా రెండింటికి మాత్రం ఎమిలీ పద్ధతే, పూత లేని ఉత్త రాగి తీగ, మధ్యలో పట్టు. ఒక మాట గుర్తుంచుకోండి, పట్టీ ఒక కొసన నుంచి చూస్తే రెండు రెక్కల మీదా తీగ ఒకే వైపు తిరగాలి. తారుమారైతే రెండు కొసలూ ఒకే ధ్రువం అయిపోతాయి, ఇక అది తిరగదు.

(తెర మీద: పాత పట్టుచీర, కత్తెర)

చిరుగు పట్టిన పాత చీర అడిగితే అమ్మ ఇచ్చింది, "అంచు వదిలేసి లోపలి బట్ట కోసుకో నాన్నా" అంది. వేలెడు వెడల్పు పీలికలు కోసి, ముందు ఇనుము మీద ఒక వరస చుట్టి, దాని మీద తీగ, తీగ మీద మళ్లీ పట్టు, చుట్టుకీ చుట్టుకీ మధ్య తగలకుండా దారం అడ్డం పెట్టుకుంటూ ఒక రెక్క పూర్తి చేసేసరికి సాయంత్రం దాటింది. మల్టీమీటరు ఒక కొన ఇనుముకి, ఇంకో కొన తీగకి పెట్టి చూశా. కుయ్ మంది. అనకూడదు. అంటే తీగ ఎక్కడో ఇనుముకి తగులుతోంది.

మొత్తం విప్పాను. ఎక్కడా బట్ట చినగలేదు, తీగ బయటికి రాలేదు. దీపం కింద పెట్టి చూస్తే పీలిక మధ్యలో ఒక పోగు తళుక్కుమంది. జరీ! అంచు వదిలేశాను గానీ లోపలి బట్టలో చిన్న బుటా ఉంది, దాని జరీ పోగు వెనకవైపు తేలి ఉంది. జరీ అంటే లోహమే కదా, ఆ పోగే ఇనుముకీ తీగకీ వంతెన వేసింది. పట్టు వాడేవాళ్లు జరీ లేని సాదా బట్టే తీసుకోండి, కోసే ముందు వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి.

అయస్కాంతాలు తేలిక. డావెన్‌పోర్ట్ అర్ధచంద్రాకారపు ఉక్కు అయస్కాంతాలు రెండింటిని రెక్కల చుట్టూ వలయంలా పెట్టాడు. నేను చెక్క వలయానికి ఎదురెదురుగా రెండు ఫెర్రైట్ అయస్కాంతపు దిమ్మెలు అంటించాను, ఒకటి ఉత్తర ధ్రువం లోపలికి, ఇంకోటి దక్షిణం లోపలికి. రెక్క కొసకీ దిమ్మెకీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందు.

(తెర మీద: రాగి గొట్టం ముక్క, చేతిలో)

అసలు కిటుకంతా దీనిలోనే ఉంది, కమ్యుటేటర్. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే రాగి గొట్టం ముక్కని నిలువుగా నాలుగు పెంకులుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా ఇరుసుకి తొడిగిన చెక్క బుష్‌కి అంటించాలి. ఎదురెదురు పెంకులకి ఒక జత రెక్కల తీగ కొనలు. రెండు రాగి రేకులు ఇరువైపులా ఆనుతూ కరెంటు ఇస్తాయి, తిరిగేకొద్దీ పెంకులు మారి కరెంటు దిశ దానంతట అదే తిరగబడుతుంది.

4 వోల్టుల ఎమర్జెన్సీ లైటు బ్యాటరీ కలిపాను. మోటారు గజగజ వణికింది గానీ తిరగలేదు. చేత్తో తిప్పితే అర చుట్టు వెళ్లి ఆగిపోయింది, తీగ వేడెక్కుతోంది, నాకు టెన్షన్. లోపం బలంలో లేదు, సమయంలో ఉంది. దిమ్మెలకి ఎదురుగా నిలబడ్డ రెక్కలకే కరెంటు వెళ్తోంది, అవి అక్కడే అతుక్కుపోతున్నాయి. ఆ క్షణాన కరెంటు వెళ్లాల్సింది అడ్డంగా ఉన్న జతకి. బుష్‌ని వదులు చేసి ఇరుసు మీద పావు చుట్టు తిప్పి బిగించా.

(తెర మీద: మోటారు తిరుగుతోంది, లైట్లు ఆర్పి, రేకుల దగ్గర నీలి నిప్పురవ్వలు)

ఇదిగో!

ఇంత చక్కగా తిరిగేది అప్పుడే ఎందుకు కార్ఖానాల్లోకి వెళ్లలేదంటే, ఆ రోజుల్లో కరెంటంటే బ్యాటరీ, బ్యాటరీ అంటే యాసిడ్‌లో జింకు కరిగిపోవడం. బొగ్గు కాల్చి ఆవిరి యంత్రం నడపడం దానికంటే ఎంతో చవక. డావెన్‌పోర్ట్ 1840లో తన మోటారుతోనే అచ్చుయంత్రం నడిపి ఒక పత్రిక కూడా వేశాడు, అయినా డబ్బు రాలేదు. 1851లో పోయాడు, యాభై ఏళ్లు కూడా నిండలేదు. తిప్పితే కరెంటు పుట్టించే డైనమోలు, పనికొచ్చేవి, రావడానికి ఇంకా పదిహేనేళ్లకి పైగా పట్టింది.

మీరు చేసినప్పుడు రెండు నిమిషాలకి మించి ఏకధాటిగా తిప్పొద్దు, తీగ మాడుతుంది. బ్యాటరీ క్లిప్ తీసేస్తున్నా. ఎనామిల్ రెక్కలు అప్పుడే చల్లబడ్డాయి, పట్టు చుట్టిన రెండూ మాత్రం ఇంకా వెచ్చగానే ఉన్నాయి.