నేవీ నుంచి వచ్చి ఏసీ సర్వీస్ షాపు పెడుతున్నారా? ముందు పెన్షన్ అకౌంటు పక్కన పెట్టండి

అందరికీ నమస్కారం. 15 ఏళ్ళ సర్వీసు చేసి, ఇంకా నలభై రాకుండానే బయటికొచ్చిన సెయిలర్లు మన విశాఖలో ఎంతమందో. మల్కాపురం, గాజువాక, ఎన్‌ఏడీ చుట్టుపక్కల ఏ వీధికెళ్ళినా ఒకరు కనపడతారు. వాళ్ళలో ఏసీ, రిఫ్రిజిరేషన్ పని తెలిసినవాళ్ళు కమ్యుటేషన్ డబ్బుతో (పెన్షన్‌లో కొంత వదులుకుని ఒకేసారి తీసుకునే మొత్తం) సర్వీస్ షాపు తెరుస్తుంటారు. ఆ షాపు ఎక్కడ దెబ్బతింటుందో ఇవాళ లెక్కవేసి చూద్దాం.

పనిలో మాత్రం కాదు. షిప్పులో కూలింగ్ ప్లాంటు నడిపిన మనిషికి స్ప్లిట్ ఏసీ ఓ లెక్కా? కాకపోతే అక్కడ ఇండెంట్ పెడితే కాపర్ పైపు స్టోర్స్ నుంచి వచ్చేస్తుంది, దాని ధర ఎవరూ అడగరు. ఇక్కడ బ్రేజింగ్ రాడ్డు కూడా మన జేబులోంచే.

ఉదాహరణకి నెల ఖర్చు వేద్దాం. ఇద్దరు కుర్రాళ్ళకి 30 వేలు, అద్దె 8 వేలు, పెట్రోలు, ఫోను 6 వేలు, టూల్స్ అరుగుదల 3 వేలు. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. మీ జీతం ఏది? కనీసం 25 వేలు వేయండి. మొత్తం 72 వేలు. నెలకి 120 కాల్స్ చేస్తే, మెటీరియల్ కాకుండానే ఒక్కో కాల్‌కి 600 పడుతుంది. మీరు 500 తీసుకుంటుంటే నెలకి 12 వేలు పోతున్నట్టే. కానీ ఆ సంగతి తెలీదు, ఎందుకంటే ఇల్లు పెన్షన్‌తో గడిచిపోతోంది. గల్లాపెట్టెలో రోజూ డబ్బు కనపడుతుంది, షాపు బాగానే ఉందనిపిస్తుంది. అందుకే షాపుకి వేరే కరెంట్ అకౌంటు తీయండి. పెన్షన్ అందులోకి రూపాయి కూడా రాకూడదు.

పక్క షాపువాడు 400కే చేస్తున్నాడంటారా? వాడు వాక్యూమ్ పంపు పెడుతున్నాడో లేదో చూడండి. నైట్రోజన్‌తో లీకు పరీక్ష, గేజి 500 మైక్రాన్లు చూపేదాకా వాక్యూమ్ (పైపులోని గాలి, తేమ లాగేయడం), తర్వాత నేమ్ ప్లేట్ మీద ఉన్న బరువు ప్రకారం కాటా పెట్టి గ్యాస్. ఇవి ఎగ్గొడితే పైపులో మిగిలిన తేమ కంప్రెసర్‌ని తినేస్తుంది. ఆ మూడు పనులూ బిల్లులో విడివిడిగా రాయండి, రేటు ఎందుకు ఎక్కువో కస్టమరుకి దాన్నిబట్టే తెలుస్తుంది.

సీజను మార్చి నుంచి జూన్. మిగతా నెలలకి మనకి సముద్రం ఉంది! లాసన్స్ బే, సాగర్ నగర్ వైపు ఉప్పుగాలికి బయటి యూనిట్ల ఫిన్స్ పొడైపోతాయి. మంచినీళ్ళతో కడగడం, తుప్పు చూడటం కలిపి ఏడాది కాంట్రాక్టు చెయ్యండి. సగం డబ్బు ముందే తీసుకోండి.

ఇక లోను. పీఎంఈజీపీలో, అంటే కొత్త యూనిట్‌కి బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ స్కీములో, మాజీ సైనికులది ప్రత్యేక కేటగిరీ. 10 లక్షల సర్వీస్ ప్రాజెక్టుకి మీ వాటా 5 శాతం, అంటే 50 వేలు. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) పరిధిలో సబ్సిడీ 25 శాతం, పంచాయతీల్లో 35 శాతం. ఆ లక్ష తేడా కోసం ఆనందపురంలో షాపు పెట్టి, రోజూ గాజువాకకి బండి తోలితే అది కాస్తా పెట్రోలుకే సరి. సబ్సిడీ చేతికివ్వరు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, అంత మేరకి లోను మీద వడ్డీ పడదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ముందు కమ్యుటేషన్ డబ్బుతో షాపు తెరిచేసి, తర్వాత అప్లికేషన్ పెడతారు. అప్పటికే నడుస్తున్న యూనిట్‌కి ఈ స్కీము వర్తించదు. రెండోది పేరు. ఆధార్‌లో అప్పలరాజు ఒకే మాట, పాన్‌లో రెండు మాటలు, డిశ్చార్జ్ బుక్‌లో ఇంకో స్పెల్లింగు. వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు, అది ముందు మొదలెట్టండి.

అన్నట్టు, మాజీ సైనికులకిచ్చే మిలిటరీ క్యాంటీన్ సరుకు షాపులో పెట్టి అమ్మకండి. కార్డుకే ఎసరు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీలకీ, కంపెనీవాళ్ళకీ ఓ మాట. జనవరి 26న శాలువా కప్పుతారు, సంతోషం. బిల్లు మాత్రం మూడు నెలలు తిప్పుతారు. చిన్న సంస్థల కోసం పెట్టిన ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంతైనా 45 రోజుల్లోపు కట్టాలి. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. సర్వీసు, తయారీ యూనిట్లకే ఈ రక్షణ, సరుకు కొని అమ్మే షాపులకి లేదు. ఈ రక్షణ కావాలంటే మన సర్వీస్ షాపువాళ్ళు పని మొదలెట్టకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేసుకోవాలి. అది ఉచితం, ఏజెంటుకి రెండు వేలు ఇచ్చుకోనక్కర్లేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, పని అయిన తేదీ, కట్టాల్సిన ఆఖరి తేదీ వేయండి. పని చూసినవాళ్ళ సంతకం అక్కడికక్కడే తీసుకోండి, వాచ్‌మన్ సంతకం పనికిరాదు.