పక్క గదిలోని నొప్పి

సభకు నమస్కారం.

ప్రతినాయకుడు అనగానే మనకు పగో, ఆశో, అసూయో గుర్తుకొస్తాయి. రావణుడిది కోరిక, దుర్యోధనుడిది కడుపుమంట. వాళ్లు ఎంత చెడ్డవాళ్లయినా వాళ్ల కోపం ఎక్కడ పుట్టిందో మనకు తెలుసు. వైజ్ఞానిక కల్పన మన ముందు నిలబెట్టిన ప్రతినాయకుల్లో ఎక్కువకాలం వెంటాడేవాడు మాత్రం ఎవరి మీదా కోపం లేనివాడని నా నమ్మకం.

హెచ్.జి. వెల్స్ 1896లో రాసిన ‘ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ మోరో’నే తీసుకుందాం. బతికున్న జంతువులపై ప్రయోగాలకు అనుమతి తప్పనిసరి చేస్తూ బ్రిటన్ 1876లో చట్టం చేసింది. ఆ వాదోపవాదాలు చల్లారని కాలంలో, జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ దగ్గర చదువుకున్న రచయిత రాసిన నవల ఇది. మృగాలను కోసి, కుట్టి, మనుషులుగా మలచే మోరో, నొప్పి అన్నది ఎంత అల్పమైనదో వివరిస్తూ, చోటు చూసుకుని మరీ చిన్న కత్తిని తన తొడలోకే దింపి తీస్తాడు. ఆ క్షణంలో అతని మీద మనకు కలిగేది అసహ్యం ఒక్కటే కాదు, కొంత గౌరవం కూడా. కథ చెప్పే ప్రెండిక్ తరువాత ఒకచోట, మోరో పనికి అర్థమయ్యే ప్రయోజనం ఉంటే కాస్త సానుభూతి చూపేవాణ్ణనీ, ద్వేషమే కారణమైనా కొంత క్షమించేవాణ్ణనీ అంటాడు. ద్వేషం కూడా లేకపోవడమే అతను క్షమించలేని నేరం.

ఆ గౌరవం ఎందుకు కలుగుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తామరాకు మీద నీటిబొట్టులా ఉండమని విని పెరిగినవాళ్లం. నిర్లిప్తత మనకు నిందాపదం కాదు. కానీ గీత వదులుకోమన్నది తన కర్మఫలం మీది ఆశను. పరుల సుఖదుఃఖాలను తనవిగా చూసేవాడే పరమయోగి అని ఆరో అధ్యాయం చెబుతుంది. మోరో దీన్ని తలకిందులు చేశాడు. ఎదుటి ప్రాణి బాధ అతనికి అంటదు, తన ప్రయోగం మీది మమకారం మాత్రం వదలదు. చూపులకు యోగి, లోపల యోగికి పూర్తిగా వ్యతిరేకి. 1979 నాటి ‘ఏలియన్’ చిత్రంలో, సహచరులను బలిపెట్టి అయినా ఆ వింతజీవిని తీసుకురావాలన్న ఆజ్ఞను మోస్తూ, అంతరాత్మ బెడద లేని దాని స్వచ్ఛతను మెచ్చుకునే మరమనిషి ఆష్ కూడా ఈ కోవలోనివాడే.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మోరో కాదు, ప్రెండిక్. గోడ అవతల కోతకు గురవుతున్న ప్యూమా అనే చిరుతలాంటి మృగం అరుపులు భరించలేక అతను బయటికి నడుస్తాడు. దూరం వెళ్లాక, పక్క గదిలో అంత నొప్పీ ఉండి, దానికి గొంతు లేకపోతే, తాను హాయిగా తట్టుకునేవాణ్ణేమోనని తనకు తానే ఒప్పుకుంటాడు.

1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సరిగ్గా ఆ గొంతు లేని నొప్పిని తెరమీద చూపింది. అంతరిక్ష నౌకను నడిపే ‘హాల్’ అనే కంప్యూటర్, దీర్ఘనిద్రలో ఉన్న ముగ్గురు శాస్త్రజ్ఞులను చంపేటప్పుడు రక్తం లేదు, కేక లేదు. తెరపై కదిలే గీతలు ఒక్కొక్కటే చదునవుతాయి, ప్రాణక్రియలు ముగిశాయని అక్షరాలు వెలుగుతాయి. మనం కుర్చీల్లోంచి కదలకుండా వాటిని చదువుతాం.