అంతర్వేది నుంచి ఓడలరేవుకి బీచ్ రోడ్డు లేదండీ!

“పొద్దున్నే అంతర్వేది, ఒడ్డు పట్టుకుని ఓడలరేవు, అట్నుంచి ఎస్.యానాం, సాయంత్రానికి కాకినాడ.” వేసవి సెలవులొస్తే చాలు, అందరిదీ ఇదే ప్లాను. ఆ ఒడ్డు రోడ్డేదో నాకూ చూపించండి, నేనూ వస్తాను!

ఎడమ చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టండి. బొటనవేలు మడిచేసి, మిగతా నాలుగూ ఎడంగా చాపండి. ఇదే గోదావరి డెల్టా అనుకోండి. మణికట్టు ధవళేశ్వరం. వేళ్లు సముద్రం వైపు. చూపుడు వేలి గోరు పేరుపాలెం, మధ్య వేలిది అంతర్వేది, ఉంగరం వేలిది ఓడలరేవు, ఎస్.యానాం. చిటికెన వేలు కోరంగి, కాకినాడ వైపు. మధ్యలో మూడు సందులున్నాయి కదా, అవే గోదావరి పాయలు: వశిష్ఠ, వైనతేయ, గౌతమి.

ఇప్పుడు ఒక గోటి మీదున్న చీమ పక్క గోటి మీదకి వెళ్లాలి. ఎగరలేదు. వేలి మొదటిదాకా వెనక్కి రావాల్సిందే. 216 హైవే ఆ మొదళ్ల మీదుగానే పోతుంది. దిండి–చించినాడ, పాశర్లపూడి–బోడసకుర్రు, ఎదుర్లంక–యానాం (బీచ్ ఉన్న ఎస్.యానాం వేరు), ఈ మూడూ దాని వంతెనలు. అందుకే రోజుకి ఒక వేలు చాలు. ఆశ ఎక్కువైతే రెండు.

ఆ రెండూ ఏవంటే, అంతర్వేది, పేరుపాలెం. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కితే నర్సాపురంలో దిగుతారు. బైకులూ కార్లూ ఎక్కుతాయి. గాలి ముదిరితే మాత్రం పంటు ఆపేస్తారు, అప్పుడు మళ్లీ చించినాడ చుట్టే.

సందుల్లో నీళ్లు ఊరికే ఉండవు. సుమారు ఆరు గంటలు పోటు (నీరు ఎక్కడం), ఆరు గంటలు పాటు (నీరు దిగడం). ఈ టైము రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి పోయిన వారం టైము ఈ వారం పనికిరాదు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, పాటూ అంతే. పాటు వేళ సముద్రం వెనక్కి లాగుతుంది, దానికి నది నీళ్లూ తోడవుతాయి. సంగమం దగ్గర ఎంత నిదానంగా కనిపించినా మోకాలు దాటి దిగొద్దు. ఈతగాళ్లకీ ఇదే మాట.

వేసవిలో నదిలో నీరు తగ్గుతుంది, పోటు నీళ్లు పాయల్లో పైదాకా ఎక్కుతాయి. ఒడ్డు ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. మనిషికి నాలుగు లీటర్లు మోసుకెళ్లండి.

టైమైపోతోంది, మిగతావి గబగబా. మేలో పచ్చటి చేలు ఉండవు: దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోతాయి, కాలువలు కట్టేస్తారు. కొబ్బరితోటలే పచ్చన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపల వేలంపాట చూడాలని వెళ్తే ఒడ్డున కట్టేసిన బోట్లే కనిపిస్తాయి. పులస అడగొద్దు, అది వరద నీటికి ఎదురీది వచ్చే చేప. మేలో “తాజా పులస” అన్నవాడి దగ్గర ఇంకేదీ కొనకండి!

తెల్లారేసరికి అంతర్వేదిలో ఉండండి, పదిన్నరకల్లా నీడకి చేరండి. పంటు ఎక్కేముందే ఆ రోజు ఆఖరి పంటు ఎన్నింటికో రేవులో అడగండి.